ఇంట్లోనే బైక్ ఆయిల్ మారుస్తున్నారా? డ్రెయిన్ బోల్ట్ ఎంత బిగించాలో తెలుసా?

ఫోన్‌లో ఓ వీడియో చూసి, లీటర్ ఇంజిన్ ఆయిల్ కొనుక్కొచ్చి, ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు బైక్ ఆయిల్ మార్చేస్తున్నవాళ్లు చాలామందే ఉన్నారు. పని నిజంగానే అంత కష్టమైంది కాదు. కింద బోల్ట్ విప్పాలి, పాత ఆయిల్ దించాలి, బోల్ట్ బిగించాలి, కొత్త ఆయిల్ పోయాలి. ఈ నాలుగింట్లో దెబ్బతీసేది మూడోదే. వీడియోలో రెండు సెకన్లలో అయిపోయే ఆ బిగింపులో తేడా వస్తే ఆయిల్ ఖర్చు కాదు, ఇంజిన్ ఖర్చు మీద పడుతుంది.

గట్టిగా బిగిస్తే మంచిదే కదా?

చాలామంది అనుకునేది ఇదే. కానీ డ్రెయిన్ బోల్ట్ స్టీలుతో చేసింది. అది వెళ్లి కూర్చునే ఇంజిన్ కేస్ అల్యూమినియంది. స్టీలు ముందు అల్యూమినియం మెత్తన. బలమంతా పెట్టి బిగిస్తే బోల్ట్‌కి ఏమీ కాదు, కేస్ లోపలి మరలు కోసుకుపోతాయి. అది కూడా చాలాసార్లు ఒక్కరోజులో జరగదు. ప్రతిసారీ కాస్త ఎక్కువ బిగిస్తూ పోతే మరలు కొద్దికొద్దిగా లాగేసుకుని, ఏదో ఒకరోజు బోల్ట్ ఊరికే తిరుగుతూ ఉంటుంది.

అప్పుడు మరలు కొత్తగా కోసి, లోపల స్టీలు ఇన్సర్ట్ వేయించాలి. అదీ కుదరకపోతే కేస్ మార్చాలి. అంటే ఇంజిన్ మొత్తం విప్పాలి.

పోనీ భయపడి వదులుగా వదిలేస్తే? రోడ్డు మీద వైబ్రేషన్‌కి బోల్ట్ మెల్లగా విడిపోతుంది. కారే ఆయిల్ వెనక టైర్ మీద పడితే బైక్ మలుపులో జారిపోతుంది. ఆయిల్ మొత్తం పోయాక ఇంజిన్ తిరిగితే సీజ్ అవుతుంది.

టార్క్ అంటే ఏంటి? లెక్క చాలా సింపుల్

బోల్ట్‌ని తిప్పే బలాన్నే టార్క్ అంటారు. కొలిచేది న్యూటన్ మీటర్లలో. పానా ఎంత పొడవు, దాని చివర ఎంత బలం పెట్టారు అన్న రెండింటినీ గుణిస్తే వచ్చేదే ఇది.

పావు మీటర్ పొడవున్న పానా చివర 10 కిలోల బలం పెడితే దాదాపు 25 న్యూటన్ మీటర్లు వస్తుంది. 100 నుంచి 150 సీసీ బైకుల్లో చాలావాటి డ్రెయిన్ బోల్ట్‌కి కంపెనీలు చెప్పేది 20 నుంచి 30 మధ్యలోనే ఉంటుంది. అంటే కావాల్సింది 10 కిలోల బలమే. అదే పానాకి అర మీటర్ పైపు తొడిగి, అదే బలం పెడితే 50 దాటేస్తుంది. మనిషి ఒళ్లు మొత్తం వేసి లాగితే ఇంకెంత వస్తుందో ఊహించొచ్చు.

ఆయిల్ ఫిల్టర్ మూత బోల్టులు ఇంకా సున్నితం. 6 ఎంఎం మందం ఉండే ఈ చిన్న బోల్టులకి సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే చాలు. అంటే అదే పానా మీద 4 కిలోల బలం. ఇది చేతి అంచనాకి అందేది కాదు. రోజూ ఇదే పని చేసే మెకానిక్ చెయ్యి వేలసార్లు బిగించి అలవాటు పడి ఉంటుంది. మూడు నాలుగు నెలలకోసారి చేసేవాళ్లకి ఆ అలవాటు ఉండదు. అందుకే టార్క్ రెంచ్ కావాలి.

ఏ టార్క్ రెంచ్ కొనాలి?

ఇళ్లలో ఎక్కువగా వాడేది క్లిక్ రకం. పిడి తిప్పి కావాల్సిన అంకె సెట్ చేయాలి, బిగిస్తూ పోవాలి, 'టక్' మని చేతికి తెలియగానే ఆపేయాలి.

తప్పు జరిగేది కొనేటప్పుడే. షాపుల్లో బాగా కనిపించేవి కారు చక్రాల నట్లకి వాడే అర అంగుళం డ్రైవ్ రెంచులు. వీటిలో చాలావాటికి 30, 40 దగ్గరే స్కేల్ మొదలవుతుంది. 10 న్యూటన్ మీటర్ల బోల్ట్ మీద అది పెట్టి క్లిక్ కోసం ఎదురుచూస్తే, క్లిక్ రాకముందే బోల్ట్ తెగిపోతుంది.

బైక్‌కి పావు అంగుళం లేదా 3/8 అంగుళం డ్రైవ్ ఉన్న చిన్న రెంచ్ సరిపోతుంది. కావాల్సిన అంకె స్కేల్‌కి మధ్యలో వచ్చేలా చూసుకోవాలి. స్కేల్ అడుగున రెంచ్ సరిగ్గా కొలవదు. 5 నుంచి 25 వరకు కొలిచేది ఫిల్టర్ బోల్టులకి, 10 నుంచి 60 వరకు కొలిచేది డ్రెయిన్ బోల్ట్‌కి బాగుంటాయి. ఖర్చెక్కువ అనిపిస్తే నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కున్నా ఏళ్ల తరబడి వస్తుంది. సాకెట్ మాత్రం ఆరు మూలలది తీసుకోవాలి. పన్నెండు మూలలది బోల్ట్ తలని గుండ్రంగా చేసేస్తుంది.

అంకె ఎక్కడ దొరుకుతుంది?

బైక్ సర్వీస్ మాన్యువల్‌లో. లేకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మోడల్, తయారీ సంవత్సరం చెప్పి అడగాలి. బోల్ట్ సైజుని బట్టి ఇచ్చే సాధారణ చార్టులు ఇక్కడ పనికిరావు. వాటిలో 12 ఎంఎం స్టీలు బోల్ట్‌కి 80 న్యూటన్ మీటర్ల దాకా కనిపిస్తుంది. అది స్టీలుకి స్టీలు బిగించే లెక్క. అల్యూమినియం కేస్ మీద పెడితే మరలు మిగలవు.

యూనిట్ కూడా చూసుకోవాలి. చాలా రెంచుల మీద న్యూటన్ మీటర్ల స్కేల్ పక్కనే ఫుట్ పౌండ్ల స్కేల్ ఉంటుంది. పొరపాటున 25 ని ఫుట్ పౌండ్లలో సెట్ చేస్తే నిజానికి 34 న్యూటన్ మీటర్లు పడుతుంది. కొన్ని మాన్యువళ్లు కిలోగ్రామ్ మీటర్లలో ఇస్తాయి. అందులో 2.5 అంటే దాదాపు 25 న్యూటన్ మీటర్లే.

బిగించే పద్ధతి ఇదీ

• ఇంజిన్ రెండు మూడు నిమిషాలు ఆన్ చేసి ఆపేయాలి. ఆయిల్ పలచబడి తేలిగ్గా దిగుతుంది. బాగా వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదు.

• బోల్ట్ విప్పడానికి మామూలు పానానే వాడాలి. టార్క్ రెంచ్‌తో విప్పితే దాని కొలత దెబ్బతింటుంది.

• బోల్ట్‌కి, కేస్‌కి ఉన్న మరలని గుడ్డతో శుభ్రంగా తుడవాలి. తిప్పే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది. మరల మీద ఆయిల్ ఉంటే రాపిడి తగ్గి, అదే అంకెకి బిగింపు ఎక్కువైపోతుంది.

• రాగి లేదా అల్యూమినియం వాషర్ ఉంటే కొత్తది వేయాలి. నలిగి సందు మూయడమే దాని పని. పాతది వేస్తే చెమ్మ వస్తుంది, చెమ్మ కనబడగానే ఇంకా బిగించాలనిపిస్తుంది. మరలు పోయేది చాలాసార్లు అక్కడే.

• ముందు వేళ్లతోనే తిప్పాలి. రెండు మూడు చుట్లలోనే గట్టిగా తగిలితే మర వంకరగా ఎక్కుతోందని అర్థం. వెంటనే విప్పి మళ్లీ పెట్టాలి.

• చివర్లో టార్క్ రెంచ్. పిడి మధ్యలో పట్టుకుని నిదానంగా తిప్పాలి. ఒక్క క్లిక్ రాగానే ఆపాలి. 'ఇంకోసారి చూద్దాం' అని మళ్లీ నొక్కితే లెక్క దాటిపోతుంది.

• ఫిల్టర్ మూత బోల్టులని ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

పని అయ్యాక

రెంచ్‌ని స్కేల్‌లో అతి తక్కువ అంకెకి తిప్పి పెట్టెలో పెట్టాలి. లేదంటే లోపలి స్ప్రింగ్ అలసిపోయి తప్పు కొలత చూపిస్తుంది. కింద పడితే మళ్లీ పరీక్ష చేయించాకే వాడాలి.

పాత ఆయిల్‌ని కాలువలోనో మట్టిలోనో పోయకూడదు. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, దాన్ని తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వాలి. బైక్ ఇంకా వారంటీలో ఉంటే, ఇంట్లో పని మొదలుపెట్టకముందే షరతులు చదువుకోవాలి.

మొదటి నాలుగైదు కిలోమీటర్లు తిరిగొచ్చాక బోల్ట్ కింద ఓ తెల్ల కాగితం పరిచి చూడాలి. మర్నాడు పొద్దున కాగితం మీద చుక్క లేకపోతే పని సరిగ్గా అయినట్టే. చుక్క ఉంటే మాత్రం ఇంకా బిగించకూడదు. ఆయిల్ దించి, వాషర్ మార్చి, మళ్లీ అదే అంకెకి బిగించాలి. ఆ అంకెని రెంచ్ పెట్టె మూత లోపల రాసి పెట్టుకుంటే, వచ్చేసారి వెతుక్కునే పని ఉండదు.