కొన్న పెంపుడు సరీసృపాల అనారోగ్యం - ఇంగ్లాండులో బాధ్యతలు

పెంపుడు బల్లి, పాము, తాబేలు వంటి సరీసృపము కొన్న కొద్ది రోజులకే జబ్బుపడినప్పుడు చికిత్స ఎవరు చేయించాలి, సొమ్ము ఎవరు తిరిగి ఇవ్వాలి అనే ప్రశ్నలు తలెత్తుతాయి. ఇంగ్లాండులో ఇవి రెండు వేర్వేరు చట్టాల పరిధిలోకి వస్తాయి. వినియోగదారుల హక్కుల చట్టం (2015) దృష్టిలో జంతువు ఒక సరుకు. జంతు సంక్షేమ చట్టం (2006) దృష్టిలో అది బాధను అనుభవించే ప్రాణి. డబ్బు సంగతి మొదటి చట్టం తేలుస్తుంది. సంరక్షణ బాధ్యత మాత్రం జంతువు చేతికి వచ్చిన క్షణం నుండి కొన్నవారిదే. తప్పు అమ్మినవారిదని తేలేవరకు వైద్యం ఆపి కూర్చోవటానికి ఈ రెండవ చట్టం ఒప్పుకోదు.

వ్యాధి ఎప్పుడు మొదలైంది?

వివాదాలన్నీ చివరకు ఈ ప్రశ్న దగ్గరకే వస్తాయి. సరీసృపాలు శీతల రక్త జీవులు. వాటి జీవక్రియ నెమ్మదిగా సాగుతుంది, పైగా అవి బలహీనతను బయటపడనీయవు. అందువలన జబ్బు కంటికి కనిపించేసరికి అది చాలాకాలంగా ఉన్నదై ఉండవచ్చు.

ఉదాహరణకు బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి కొన్న పదవ రోజున దవడ మెత్తబడి, కాళ్ళు వంకరపోయినట్లు కనిపించిందనుకుందాం. కాల్షియం లోపం వలన, అతినీలలోహిత బి కిరణాలు చాలకపోవటం వలన వచ్చే ఈ ఎముకల వ్యాధి పది రోజులలో పుట్టేది కాదు. ఎక్స్-రే తీయిస్తే అది దుకాణంలోనే మొదలైందని చెప్పటానికి బలమైన ఆధారం దొరుకుతుంది. అదే వ్యాధి ఐదవ నెలలో బయటపడితే కొన్నవారి దీపాన్నే ముందుగా అనుమానించాలి. ఈ దీపాలు వెలుగుతూనే ఉంటాయి గానీ వాటి నుండి వచ్చే అతినీలలోహిత కిరణాలు క్రమంగా తగ్గిపోతాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు. శ్వాసకోశ వ్యాధుల విషయంలో తీర్పు చెప్పటం ఇంకా కష్టం, కొత్త ఇంటి చలి కూడా వాటికి కారణం కావచ్చు.

లెపర్డ్ గెకోలలో తోక పుల్లలాగా సన్నబడిపోవటానికి క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఒక కారణం. ఇది మలంలో అన్ని రోజులూ కనిపించదు. ఒక్క పరీక్షలో లేదని తేలినంత మాత్రాన జంతువు ఆరోగ్యంగా ఉన్నట్లు కాదు. కొత్త జంతువును పాతవాటితో కలపకుండా కొన్ని వారాల పాటు విడిగా ఉంచమని పశువైద్యులు చెప్పేది ఇందుకే.

అమ్మినవారి బాధ్యత

వ్యాపారి అమ్మిన జంతువు తృప్తికరమైన నాణ్యతతో, చెప్పిన వివరాలకు సరిపోయేదిగా ఉండాలి. లోపం ఉంటే మొదటి 30 రోజులలో తిప్పి ఇచ్చి పూర్తి సొమ్ము అడగవచ్చు, అయితే లోపాన్ని కొన్నవారే చూపాలి. ఆ తరువాత మొదట బాగుచేయించటం గానీ, బదులు ఇవ్వటం గానీ అడగాలి. ఆరు నెలలలోపు బయటపడిన లోపం అమ్మకం నాటిదేనని సాధారణంగా భావిస్తారు; కాదని నిరూపించవలసింది వ్యాపారి. "అమ్మిన జంతువులు వాపసు తీసుకోబడవు" అనే బోర్డు ఈ హక్కులను తీసివేయలేదు. సరుకుల కోసం వ్రాసిన చట్టం కనుక ఇందులో "బదులు" అనే మాట సులువుగా చేరిపోయింది. పేరు పెట్టుకున్న తాబేలుకు బదులు ఇంకొకటి తీసుకోమంటే ఇంట్లో పిల్లలు ఒప్పుకోవటం అరుదు.

2018 నాటి లైసెన్సు నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుల వ్యాపారి జీవన నాణ్యతను దెబ్బతీసే జబ్బు ఉన్న జంతువును అమ్మకానికి పెట్టరాదు. దాని జాతి, పుట్టిన దేశంతో పాటు, తెలిసినంతవరకు వయసు, లింగం, వైద్య చరిత్ర కొనేవారికి తెలపాలి. వ్యాపారంగా కాక, తన ఇంటి జంతువును అమ్ముకునే వ్యక్తికి నాణ్యత షరతు వర్తించదు. అతడు చెప్పిన వివరాలు నిజమైతే చాలు. అందుచేత అటువంటివారి వద్ద కొనేటప్పుడు "మేత తింటుంది, జబ్బులు లేవు" అనే మాటలను వ్రాతపూర్వకంగా తీసుకోవటం మంచిది.

కొన్నవారి బాధ్యత

జబ్బు లక్షణం కనిపించగానే సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యునికి చూపించి, అమ్మినవారికి వెంటనే వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. గూటి ఉష్ణోగ్రతల నమోదు, దీపం కొన్న రశీదు, మొదటి రోజు నాటి బరువు, ఫొటోలు తరువాత సాక్ష్యంగా పనికివస్తాయి. జంతువు చనిపోతే శవాన్ని ఫ్రీజరులో కాక ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా శవపరీక్షకు పంపాలి, ఎందుకంటే గడ్డకడితే కణజాలం దెబ్బతింటుంది.

భారతదేశంలో

ఆంధ్ర ప్రదేశ్‌లోని మెట్ట ప్రాంతాలలో కనిపించే నక్షత్ర తాబేలు వంటి జంతువుల విషయంలో ఈ చర్చకే తావు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద వాటిని అమ్మటమే కాదు, కొనటం కూడా నేరం. అటువంటి తాబేలు జబ్బుపడినా, పడకపోయినా దానిని అటవీ శాఖకు అప్పగించవలసి ఉంటుంది.