బఫరుకు ఇంత వేగమేల? అపోహలు – వాస్తవాలు

ఇంటియందే ప్రీయాంప్లిఫయరు నిర్మించుకొను ఔత్సాహికులలో ఇటీవల ప్రబలిన ఒక విశ్వాసము మూలమున, నిక్షేపముగా పాడుచుండిన బోర్డులు మూగవోవుటయు, ఖరీదైన ఐ.సీ.లు సాకెట్టులోనే మాడిపోవుటయు, మాడినవానికి మారుగా మరింత ఖరీదైనవి కొనబడుటయు జరుగుచున్నవి. ఆప్‌యాంప్ ఎంత వేగము గలదియై, ఎంత వెల గలదియై యుండునో ధ్వని అంత నిర్మలమగుననియు, పాతదానిని పెఱికి క్రొత్తదానిని గ్రుచ్చుటకంటె చేయవలసిన సాధన వేఱొండు లేదనియు ఆ విశ్వాససారము.

ముందుగా అంకెల సంగతి. సీడీ ప్లేయరునుండి వచ్చు సంకేతము సుమారు 2 వోల్టులు, శిఖరమున 2.83 వోల్టులు. శ్రవణావధియనదగు 20 కిలోహెర్ట్జ్ వద్ద ఆ శిఖరమును వక్రింపక అందుకొనుటకు సంకేతమును పెంచక అట్లే అందించు బఫరునకు కావలసిన స్లూరేటు, అనగా వోల్టేజీ మాఱగల గరిష్ఠవేగము, మైక్రోసెకనుకు 0.36 వోల్టు మాత్రమే. 1970ల చివర సిగ్నెటిక్స్ సంస్థ వెలువరించినదియు, నేటికిని కోఠీ గుజరాతీ గల్లీలో అల్పధనమునకు దొరకునదియునైన ఎన్‌ఈ5532కు అది 9. అనగా అవసరమునకు ఇరువదియైదింతలు. ఇది చాలదని 180 గల ఏడీ8066ను తెచ్చి బిగించినవాడు ఆ మిగులు వేగముతో ఏమి విందునని ఆశించెనో గబ్బిలములనే అడుగవలెను.

మిగులు వేగము నిరపాయమైనచో ధనవంతుల వినోదమని విడిచిపెట్టి యుందుము. కాని నిర్గమసంకేతమంతయు లేశమైనను తగ్గక ఋణప్రవేశమునకు మరలివచ్చు బఫరు వలయమే ఆప్‌యాంప్ స్థిరత్వమునకు కఠినతమమైన పరీక్ష. ఎన్‌ఈ5534 మూడింతలకు తక్కువైన గెయిన్‌తో నిలుకడగా నుండదు. ఒకటికి దించవలెనన్న 5, 8 కాళ్ల నడుమ 22 పికోఫారడుల కెపాసిటరును చేర్పవలెను. ఓపీఏ637 ఐదింతలకు తక్కువైన గెయిన్‌ను సహింపదు. ఈ విషయములు డేటాషీటులో స్పష్టముగానే యున్నవి, చదువువారే కఱవు. ఒకటి గెయిన్‌తో నిలుకడగా నుండునని తయారీదారు హామీయిచ్చిన వేగవంతమైన ఐ.సీ. కూడ, సప్లై కాళ్లకు అంగుళము దూరమున డీకప్లింగ్ కెపాసిటరును ఉంచి, మీటరుకు నూఱు పికోఫారడుల వంతున బరువు వేయు కేబులును నిర్గమమునకు నేరుగా తగిలించినప్పుడు, యాంప్లిఫయరుగా నుండుట మాని ఆసిలేటరుగా మాఱును. ఆ మెగాహెర్ట్జ్ కంపనము చెవికి వినరాదు; ఐ.సీ. కాగును, సంగీతము వక్రించును, ఆ వక్రతనే కొందఱు ‘ఇదివఱకు వినని వివరములు’ అని మెచ్చుకొందురు.

సప్లై అవధుల మాట సరేసరి. ఏడీ8066 పనిచేయుటకు మొత్తము మీద 24 వోల్టులే అవధికాగా, ప్లస్ 15, మైనస్ 15 బోర్డులో దానికి లభించునవి 30. కాళ్లు ఎనిమిదేకదా యని, జంట ఆప్‌యాంప్ సాకెట్టులో ఓపీఏ627 వంటి ఏకాకిని గ్రుచ్చినవారును కలరు. ఆ రెండింటి కాళ్ల అమరిక వేఱు. ఇంతకంటె మాటుగా చేటుతెచ్చునది బయాస్ కరెంటు. టీఎల్072 ఉన్నచోట, దాని 100 కిలోఓముల ఇన్‌పుట్ రెసిస్టరును మార్పక, 200 నానోఆంపియరులు త్రాగు ఎన్‌ఈ5532ను పెట్టినచో నిర్గమమున 20 మిల్లీవోల్టుల డీసీ నిలుచును. దానివెంట ఇన్‌పుట్ కెపాసిటరు లేక, డీసీని సైతము 26 ఇంతలు పెంచు పవర్ యాంప్లిఫయరున్నచో స్పీకరుపై పడునది అర వోల్టు. సాధువైన ఐ.సీ. యైనను తనకు తగని చోట అపకారియేయగును.

‘రొద తక్కువ’ అను బిరుదును కొనువారు ముందుగా తమ వాల్యూమ్ పాట్‌ను చూచుకొనవలెను. 50 కిలోఓముల పాట్ నడిమిస్థానమున 12.5 కిలోఓముల మూలనిరోధమై, హెర్ట్జ్ వర్గమూలమునకు 14 నానోవోల్టుల ఉష్ణరవమును తానే పుట్టించును. దానివెనుక నిలిచిన ఐ.సీ. 5 పలికిననేమి, 2.7 పలికిననేమి? 10 కిలోఓముల పాట్ వేసినచో అది 6.4కు దిగును. తప్పనిసరిగా పెద్ద పాట్ వాడవలసినచోట కరెంటు రవము తక్కువైన ఓపీఏ2134 వంటి ఫెట్ ఇన్‌పుట్ ఐ.సీ.యే యుక్తము.

కెపాసిటరుకు ‘స్వరము’ కలదను వాదమును మాత్రము, ఇష్టము లేకున్నను, కొంతమేర అంగీకరింపక తప్పదు. 1980లో వాల్టర్ జంగ్, రిచర్డ్ మార్ష్ ‘ఆడియో’ పత్రికలో ఈ ప్రశ్నను సవిస్తరముగా చర్చించిరి. ఎక్స్7ఆర్ వంటి సిరామిక్ కెపాసిటరు ధారణశక్తి దానిపై పడు వోల్టేజీతోపాటు మాఱుచుండుటచేత, సంకేతమార్గమున అది కొలువదగినంత వక్రతను కలిగించును. కాని దీనికి విరుగుడు కొన్ని రూపాయల పాలియెస్టర్ లేక పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటరేకాని, నూనెలో నానవేసి వేలకు అమ్మునది కాదు. సిరామిక్కు సప్లై కాళ్లచెంత నిరభ్యంతరముగా నుండవచ్చును.

వెండితీగ, బంగారుపూత సాకెట్టు, నూఱుగంటలు పాడించి ‘పండించుట’ — వీనికి వాక్యము వ్యయపఱచుటయే అధికము.

కావున బోర్డు కట్టువాడు ఇన్‌పుట్‌న 1 మైక్రోఫారడు ఫిల్మ్ కెపాసిటరును, 47 కిలోఓముల రెసిస్టరును వేసినచో దిగువ పౌనఃపున్యావధి 3.4 హెర్ట్జ్ వద్ద నిలుచును. సప్లై కాళ్లకు ఆనుకొని 0.1 మైక్రోఫారడును, నిర్గమమున వరుసగా 100 ఓములను ఉంచవలెను. ఓపీఏ627 నమ్మరానంత చవుకగా దొరికినచో అది ఆ పేరు చెక్కిన మఱియొక ఐ.సీ. కావచ్చునని శంకింపవలెను. పవర్ యాంప్లిఫయరునకు కలుపకముందే నిర్గమమున డీసీని మల్టీమీటరుతో కొలిచి, ఐ.సీ.పై వ్రేలుంచి చూడవలెను. ఎన్‌ఈ5532 గోరువెచ్చగా నుండుట సహజమేకాని, వ్రేలు నిలువనంత వేడి సహజము కాదు. పరిచయమున్న కళాశాల ప్రయోగశాలలో సీఆర్‌ఓ దొరికినచో కేబులును తగిలించియే పరీక్షింపవలెను, ఏలయన కేబులు లేనంతవఱకు నిశ్చలముగా నుండి, తగిలించినంతనే కంపించు బోర్డులు కలవు.