పొట్టేళ్ళ మేపు - కాలపు లెక్క



పొట్టేళ్ళను కొట్టంలో కట్టి మేపేవారు మేతను గురించి అడుగుతారు, మందులను గురించి అడుగుతారు. ఏ నెలలో కట్టవలెనని మాత్రం అడగరు. లాభనష్టాలు చాలావరకు అక్కడే తేలిపోతవి.

బొంరాస్‌పేట చుట్టుపట్ల పొట్టేలుకు మంచి ధర పలికేది బక్రీదుకు. ఆ పండుగ చంద్రమానమున వచ్చును. మన పంచాంగములో వలె అధికమాసము లేదు గనుక ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో జూన్ 29న, 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చినది. 2030లో ఏప్రిల్ నడుమకు వచ్చును. మూడు నాలుగు నెలల పిల్లను తెచ్చి సుమారు నూరు దినములు మేపితేగాని కండ పట్టదు. కావున పండుగ నుండి వెనుకకు లెక్కించండి. 2023లో ఆ నూరు దినములు మార్చి మూడో వారం నుండి మొదలై ఎండకాలమంతా నడిచినవి. 2030లో సంక్రాంతికి ముందే కట్టవలసి ఉంటుంది.

ఈ జరుగుడు మనకు మేలే. ఎట్లనగా, గొర్రె కడుపులో మేత పులిసి అరిగేటప్పుడు వేడి పుట్టును. బయటి ఎండ దానికి తోడైతే జీవము రొప్పుతుంది, మేత తగ్గిస్తుంది. తిన్నదానిలో కొంత ఒళ్ళు చల్లబరచుకొనుటకే పోతుంది. చలి రోజుల్లో దినమునకు 100 గ్రాములకు పైగా తూగే పిల్ల, వడగాలిలో చాలా వెనుకబడుతుంది. పైగా సంక్రాంతి ముందువెనుకల మన కంది కళ్ళాలలో పొట్టు పుష్కలం. తాండూరు పప్పు మిల్లుల పొట్టు, నూక కూడా ఉండనే ఉన్నవి. ఆ పొట్టును తగులబెట్టకండి, నిలువ చేయండి.

ఎండకాలంలో మేపక తప్పనివారు తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకినాక ఒకసారి మేత వేయవలెను. మధ్యాహ్నం నీడలో నీళ్ళుంటే చాలు. దక్కనీ జాతివైతే ఎండలు ముదరకముందే ఉన్ని కత్తిరించండి. రేకుల కప్పు మీద జొన్న చొప్ప పరవండి. తాండూరు బండలు దగ్గరే దొరుకుతవని కొందరు కొట్టమంతా వేస్తున్నారు; తడిసి జారుతవి, మూత్రం నిలుస్తుంది. నాకైతే మొరమే మేలనిపిస్తుంది.

దాణా మొదటి రోజే దోసిళ్ళతో పోయకండి. 50 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాలకు 300 గ్రాములకు తేవలెను. ఆత్రపడి ఒక్కసారి పెంచితే చిటుకు రోగం వచ్చి, బాగా బలిసిన పిల్లే ముందు పోతుంది. రాత్రి ఆడుతూ ఉన్నది తెల్లారేసరికి పడి ఉంటుంది. తొలకరి లేత గడ్డితోనూ ఇదే ప్రమాదము. వానలలో సన్నని కుట్టే ఈగల వలన నీలి నాలుక వ్యాధి వ్యాపించును. అందుచేత చిటుకు రోగం టీకా తొలకరికి ముందే, మే నెలలో వేయించండి. కొత్తగా తెచ్చిన పిల్లలకైతే దాణా పెంచకముందే నట్టల మందు త్రాగించి, ఈ టీకా వేయించి, పది పదిహేను రోజులు మందకు దూరంగా కట్టి ఉంచండి.