అరబ్బు ప్రజా విప్లవాలు - ఆధారాల పరిశీలన

ఆధునిక అరబ్బు ప్రజా విప్లవాలను గురించి వ్రాయదలచిన వారికి సమాచారం కొరత లేదు. కొరత ఉన్నది నమ్మదగిన సమాచారానికే. అటువంటి దానిని గుర్తించటం ఎలా? ట్యునీషియా విప్లవాన్ని ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

2010 డిసెంబరు 17న సీదీ బూజీద్ పట్టణంలో ముహమ్మద్ బూఅజీజీ అనే చిరువ్యాపారి, మునిసిపల్ సిబ్బంది తన సరుకును తీసుకుపోయారన్న ఆవేదనతో ఒంటికి నిప్పంటించుకున్నాడు. 2011 జనవరి 4న మరణించాడు. జనవరి 14న అధ్యక్షుడు జైనుల్ ఆబిదీన్ బిన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. ఇంతవరకు ఎవరికీ భేదాభిప్రాయం లేదు.

అయితే బూఅజీజీ ఉద్యోగం దొరకని పట్టభద్రుడని అప్పట్లో అనేక పత్రికలు వ్రాశాయి. ఒక ఆంగ్ల వ్యాసం నుండి నేనూ ఆ మాటను అలాగే తెలుగు చేశాను. అతడు హైస్కూలు చదువైనా పూర్తి చేయలేదని కుటుంబ సభ్యులు చెప్పినట్లు తరువాత చదివి సిగ్గుపడ్డాను. పది పత్రికలు వ్రాస్తే పది సాక్ష్యాలు అనుకోవటమే నా పొరపాటు. పదీ ఒకే చోటు నుండి తీసుకున్నవైతే సాక్ష్యం ఒక్కటే. ఎన్ని మార్గాలున్నా అన్నీ ఒకే రావీ వద్ద కలిస్తే అది ఒంటరి ఉల్లేఖనమేనని మదరసాలో చదువుకొని కూడా నేను జాగ్రత్త పడలేదు.

ఇక మృతుల సంఖ్యను చూడండి. 2011 జనవరి 17న దేశ హోం మంత్రి 78 మంది పౌరులు మరణించారన్నాడు. ఫిబ్రవరి 1న ఐక్యరాజ్యసమితి బృందం 219 అన్నది. 2012 మేలో జాతీయ విచారణ సంఘం 338 అన్నది. 2021 మార్చిలో ప్రభుత్వ గెజెట్టులో వెలువడిన జాబితాలో 129 పేర్లే ఉన్నాయి.

వీటిలో ఒకటి నిజం, మిగిలినవి అబద్ధం అనుకోవటం తొందరపాటు. మొదటి సంఖ్యను చెప్పినది కాల్పులకు జవాబు చెప్పుకోవలసిన శాఖ. అప్పటికి అల్లకల్లోలం ఇంకా సద్దుమణగలేదు. రెండవ లెక్కలో 72 మంది జైళ్ళలో మరణించినవారు. మూడవ లెక్కలో ఖైదీలతో పాటు భద్రతా దళాల వారు కూడా ఉన్నారు. నాలుగవది మృతుల లెక్కే కాదు. చట్టరీత్యా విప్లవ షహీదులుగా ఎవరిని గుర్తించాలన్న నిర్ణయం. ఆ జాబితా కొరకు కుటుంబాలు పదేళ్ళు ఎదురుచూశాయి. 338 మందినీ షహీదులని వ్రాసినా, మృతులు 129 మందేనని వ్రాసినా చనిపోయినవారికి అన్యాయం చేసినట్లే.

పేర్లు, తేదీలు కూడా సాక్ష్యాలే. "అరబ్బు వసంతం", "మల్లెల విప్లవం" అన్నవి ప్రపంచ పత్రికలలో ప్రచారం పొందిన పేర్లు. ట్యునీషియావాసులు దీనిని "సౌరతుల్ హుర్రియ్య వల్ కరామ", అనగా స్వేచ్ఛా గౌరవాల విప్లవం అంటారు. విప్లవ దినంగా జనవరి 14ను జరుపుకునేవారు. 2021 డిసెంబరులో అధ్యక్షుడు ఖైస్ సయీద్ దానిని డిసెంబరు 17కు మార్చాడు. ఒకటి నియంత పారిపోయిన రోజు, మరొకటి మారుమూల పట్టణం తిరగబడిన రోజు. గ్రంథకర్త దేనితో ప్రారంభిస్తున్నాడో గమనిస్తే అతని దృష్టి ఎటున్నదో తెలుస్తుంది.

కనుక ప్రతి ఆధారాన్నీ నాలుగు ప్రశ్నలు అడగాలి: చెప్పినది ఎవరు? ఎప్పుడు? ఎవరిని లెక్కించారు? ఏ ప్రయోజనం కొరకు? ఆ వారాలలో సెన్సారు నీడలో వెలువడిన ట్యునీషియా దినపత్రికల వలన ప్రభుత్వం ఏమి చెప్పదలచినదో తెలుస్తుంది. వీధిలో జరిగినది తెలియదు. దానికి విచారణ సంఘాల నివేదికలు, బాధితుల వాఙ్మూలాలు, ప్రజలు స్వయంగా తీసిన దృశ్యాలు కావాలి. 2014లో ఏర్పడిన సత్య గౌరవ సంఘం నివేదిక 2020లో గెజెట్టులోకి ఎక్కింది. అరబీ తెలిసినవారు మూలాన్నే చూడటం మేలు.

వార్తను విచారించకుండా స్వీకరిస్తే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని సూరె హుజురాత్ హెచ్చరించింది. ఆ హెచ్చరిక వినేవారికే కాదు, అనువదించేవారికి కూడా. అనువాదకుడు సైతం సనదులో ఒక రావీయే.