మంచుకొండల సాహసము: ఎవరి ప్రాణములు పణము?

2024 ఫిబ్రవరి 22వ తేదీన కాశ్మీరమునందలి గుల్మార్గ్ కొండలలో మంచుచరియ విరిగిపడి రష్యా దేశీయుడొకడు మరణించెను. అంతకు ముందటి యేడు, 2023 ఫిబ్రవరి 1వ తేదీన, అచ్చటి అఫర్వాత్ శిఖరప్రాంతముననే పోలెండు దేశీయులిద్దరు ఇట్లే మడిసిరి. మరి 19 మంది విదేశీయులను రక్షకులు బ్రదికించి తెచ్చిరి. వీరెవరును దారి తప్పి ఆ వాలులకు పోయినవారు కారు. వినోదార్థమై, కోరి పోయినవారు.

మన సీమలవారికి మంచు అనగా ధనుర్మాసపు తెల్లవారుజామున గడ్డిపై నిలుచు తడి మాత్రమే. కావున ఈ వినోదమునుగూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. పాదములకు స్కీలను పొడవైన పలకలు బిగించుకొని మంచువాలులపై జారుదురు. గుల్మార్గ్‌లో తీగెమార్గపు బండి మనుష్యుని సుమారు 3,980 మీటర్ల ఎత్తున దింపును. అచ్చటి యొక వాలును కాపలావారు పరీక్షించి, అవసరమైనచో మందుగుండు పేల్చి ప్రమాదకరమగు మంచును ముందుగనే పడగొట్టుదురు. హద్దుత్రాడు దాటినచో కాపలా లేదు, పరీక్ష లేదు. ఎవరును త్రొక్కని మెత్తని మంచు ఉన్నది. ఆ మంచుకొరకే దేశదేశములనుండి వారి రాక.

మంచు పొరపొరలుగా కురియును. క్రిందిపొర చలికి చక్కెర పలుకులవలె విడివిడి రేణువులై యుండగా, గాలి తెచ్చి పేర్చిన గట్టిపొర దానిపై చేరినచో, నూకలమీద ఏటవాలుగ నిలిపిన రాతిపలక వంటిదగును. ఒక్క మనుష్యుడు కాలిడిన చాలును, కొండప్రక్క యంతయు కదలివచ్చును. చరియలు మిక్కిలిగ విరుగునవి 30 మొదలు 45 డిగ్రీల వాలులు. జారువారికి ఎక్కువ హాయి నిచ్చునవియు అవియే. ప్రాణములు తీసిన చరియలలో అధికభాగము ఆ మృతులో, వారి తోడివారో కదల్చినవేగాని తమంత తాము పడినవి కావు. ముందొకరు పోయిన జాడ కనబడినచో క్షేమమని తలచుట అనుభవజ్ఞులకును కలుగు భ్రాంతి. పదుగురు దాటిన వాలు పదునొకండవవాని క్రింద తెగుట కద్దు.

మంచులో పూడినవానిని పది నిమిషములలో త్రవ్వి తీసినచో చాలవరకు బ్రదుకును. అరగంట దాటినచో ఆశ మిక్కిలి స్వల్పము. అందువలన ప్రతివాడును ఉనికి తెలుపు సంకేతయంత్రమును, మంచులో గ్రుచ్చి వెదకు సన్నని కడ్డీని, పారను వెంట నుంచుకొనవలెను. దిగువనుండి సహాయము వచ్చునంతవరకు కాలము నిలువదు. శిక్షణ యొకటియే కాపాడునా యనిన, 2010 ఫిబ్రవరి 8వ తేదీన ఆ గుల్మార్గ్ ప్రాంతముననే, మంచుకొండలలో యుద్ధవిద్య నేర్చుచున్న మన సైనికులు 17 మంది ఇట్టి చరియక్రింద అసువులు బాసిరి.

సాహసమును మేము నిందింపము. అరుగుమీద కూర్చుండి తాంబూలము నములుచు కొండలెక్కువానికి బుద్ధులు చెప్పుట సులభము. తన ప్రాణమును తాను పణముగ నొడ్డుటకు వయస్సు వచ్చినవానికి స్వాతంత్ర్యము కలదనియే మా యభిప్రాయము. అయితే ఆ పణములో మరెవరి ప్రాణములు చేరియున్నవని అడుగవలసియున్నది.

1970 మే 6వ తేదీన జపాను దేశీయుడగు యూయిచిరో మియురా, ఎవరెస్టునందు సుమారు 8,000 మీటర్ల ఎత్తుననున్న సౌత్ కోల్ కనుమనుండి స్కీలపై దిగువకు సాగెను. వేగము తగ్గించుటకు పారాచ్యూటు కట్టుకొనెను. రెండు నిమిషముల ఇరువది సెకనులలో సుమారు 6,600 అడుగులు జారి, పట్టుతప్పి పడి, గడ్డకట్టిన మంచుపై 1,300 అడుగులకు పైగా దొర్లి, నోరు తెరచియున్న మంచుబిలమునకు 250 అడుగుల దూరమున ఆగెను. బ్రదికెను. ఆ కథను చూపు చలనచిత్రము 1975లో వెలువడి ఆస్కారు బహుమానమును పొందినది. 2013లో, తన ఎనుబదవయేట, ఆయన ఎవరెస్టు శిఖరమునే ఎక్కెను. ఇట్టివాని ధైర్యమును శంకించువాడెవడు?

ఆ జారుటకు ఒక నెల ముందు, ఏప్రిల్ 5వ తేదీన, ఆ జట్టుకొరకు పనిచేయుచున్న ఆరుగురు షెర్పాలు ఖుంబూ హిమప్రపాతమున మంచు కూలి మరణించిరి. కనుమనుండి జారవలెనను కోరిక వారిది కాదు. వారికి కూలి, మియురాకు కీర్తి. ఆ జట్టువారు కఠినహృదయులని మేమనము. కాని పని ఆగలేదు. మియురా పేరు లోకమంతయు ఎరుగును. ఆ ఆరుగురి పేళ్లు మృతుల జాబితాలు వెదకువారికి మాత్రమే దొరకును.

కూలికి సమ్మతించియే వచ్చిరి గదా యని కొందరందురు. వేరొక జీవనోపాధి గలవాని సమ్మతియు, ఏడాది సంసారమునకు ఆ రెండు నెలల కూలియే ఆధారమైనవాని సమ్మతియు ఒక్క తూకమునకు రావు. పాలేళ్లను పెట్టుకొని సేద్యము చేసిన ప్రతి రైతునకును ఈ సంగతి తెలియును, పైకి ఒప్పుకొనినను ఒప్పుకొనకున్నను.

గుల్మార్గ్‌లోను లెక్క అట్టిదే. హద్దు దాటు విదేశీయుల వెంట స్థానికులగు మార్గదర్శులు పోవుదురు. చరియ పడినప్పుడు రక్షకులు, ఇంకను విరుగుటకు సిద్ధముగనున్న ఆ వాలుమీదికే పరుగెత్తవలెను. పైన ఒకడు కదల్చిన మంచు దిగువన ఎవరిని కప్పునో ఆతడెరుగడు.

ఈ వినోదమును నిషేధింపుడని మేము కోరము. నిషేధించినచో దొంగచాటుగ పోవుదురు. మార్గదర్శి కూడు మాత్రము పోవును. యజమానుని ఒంటిమీదనున్న సంకేతయంత్రము వంటిది మార్గదర్శి ఒంటిమీదను ఉండవలెను. అతని పేర భీమా యుండవలెను. ఉదయమున మంచును త్రవ్వి చూచి "నేడు వద్దు" అనినవానికి ఆనాటి కూలి దమ్మిడీ తగ్గక ముట్టవలెను. ఆ మాట తన కడుపుమీదనే కొట్టునట్లున్నంతకాలము అతడు దానిని పలుకుటకు జంకును. ధనమిచ్చి వచ్చినవాడో, సెలవు ముగియుచున్నదని తొందరపెట్టును. సాధారణముగ క్రొత్తమంచు కురిసిన మరునాడే ఆ మాట చెప్పవలసివచ్చును. ఆనాడు ఆకాశము నిర్మలమై, కొండ మునుపెన్నడును లేనంత సుందరముగ కనబడుచుండును.