ఆ చివరి అర్రల అడుగమ్మా!

ఉత్తర తెలంగాణలో ఓ జిల్లా కోర్టు. పొద్దున పదిన్నర. వేపచెట్టు కింద టైపు మిషన్ల టకటకలు మొదలయ్యాయి. నలభై దాటని ఓ ఇల్లాలు ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుని ఒక్కో బల్ల దగ్గరా ఆగుతోంది.

"సారూ, దుబాయ్ కాయితాలు జర చూస్తరా?"

దుబాయ్ కాదు, అది సౌదీ. ఆ ఊళ్లలో గల్ఫ్ మొత్తానికీ దుబాయ్ అనే పేరు. కవరులో ఉన్నవి నాలుగే. భర్త పాస్‌పోర్టు జిరాక్సు, అరబ్బీలో ఉన్న వీసా కాపీ, ఏజెంటు చేత్తో రాసిచ్చిన చిట్టీ, పుస్తెలతాడు కుదువపెట్టిన రసీదు. డ్రైవర్ పని అని చెప్పి తీసుకెళ్లారు, అక్కడ గొర్రెల దగ్గర పెట్టారు. నాలుగు నెలలుగా జీతం లేదు. పాస్‌పోర్టు కఫీల్, అంటే అక్కడి యజమాని, గుంజుకున్నాడు. ఏం చేయాలో తెలియక ఆమె అప్పటికే రెండు అర్జీలు రాయించింది. రెండింటికీ డబ్బులిచ్చింది. రెండూ ఎక్కడ ఇవ్వాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

చాయ్ అమ్మే పెద్దాయన పిలిచి చెప్పాడు. "ఎందుకమ్మా పైసలు వెట్టుకుంటవ్? ఆ చివరి అర్రల అడుగు. ఊకెనే జేస్తరు."

ఆ చివరి అర్ర మీద బోర్డు ఉంది: జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. జనం నోట అది 'లోక్ అదాలత్ ఆఫీసు'. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జిల్లా కోర్టుల్లో ఇలాంటి కార్యాలయాలున్నాయి. కింది కోర్టుల్లో మండల న్యాయ సేవల కమిటీలున్నాయి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపిస్తారు. అయినా దారి తెలిసేది ఎక్కువమందికి చాయ్ అమ్మే మనిషి చెబితేనే. నన్ను కలవరపెట్టేది అదే.

ఎందుకంటే ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు. డబ్బు లేదన్న కారణంగా ఎవరికీ న్యాయం దూరం కాకూడదని 1976లో రాజ్యాంగంలో 39-ఎ అధికరణం చేర్చారు. బీహార్ జైళ్లలో విచారణే లేకుండా ఏళ్లకేళ్లు మగ్గినవాళ్ల గురించి 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. లాయరును పెట్టుకోలేని నిందితుడికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని అందులో కోర్టు తేల్చి చెప్పింది. 1987లో న్యాయ సేవల చట్టం చేశారు. అది అమలులోకి రావడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది, 1995 నవంబరు 9 దాకా.

ఆ చట్టంలో 12వ సెక్షన్‌ను ప్రతి ఇంట్లోనూ చదివి వినిపించాలి. స్త్రీ అయితే చాలు, ఆదాయంతో పని లేదు. పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, వెట్టికీ మనుషుల అక్రమ రవాణాకూ బలైనవాళ్లు, వరద, కరవులాంటి విపత్తుల్లో చిక్కినవాళ్లు, కస్టడీలో ఉన్నవాళ్లు ఎవరికీ ఆదాయ ధ్రువపత్రం అక్కర్లేదు. మిగిలిన పేదలకే ఆదాయ పరిమితి. ఆ సెక్షన్‌లో ఉన్న మాట పౌరుడు కాదు, వ్యక్తి. ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబానికి ఎంత హక్కుందో, హైదరాబాద్ బాలాపూర్ చుట్టుపక్కల తలదాచుకున్న రోహింగ్యా తల్లికీ అంతే హక్కుంది.

మన ఇల్లాలికి ఇదేదీ తెలియదు. అర్జీకి కావాలేమోనని ఆదాయ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ మూడు రోజులు తిరిగి వచ్చింది.

లోపల పారా లీగల్ వాలంటీరు, డిగ్రీ చదివిన అమ్మాయి, కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. రాయడం రాకపోతే నోటితో చెప్పినా చాలు, వాళ్లే రాసుకుంటారు. ఆ అమ్మాయి ముందు ఏజెంటు చిట్టీ అడిగింది. లక్షా ఇరవై వేలు. లైసెన్సున్న ఏజెంటైనా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఈ చిట్టీ ఇచ్చినవాడికి లైసెన్సే లేదు.

"నువ్వే కేసు పెట్టొచ్చక్కా" అంది. ఆమె నమ్మలేదు. మోసపోయింది ఆయన కదా, ఆయన అక్కడున్నాడు కదా! 1983 నాటి వలసల చట్టం కింద కేసు నడవాలంటే మామూలుగా కేంద్రం అనుమతి కావాలి. వలస వెళ్లిన మనిషి తరఫున భార్య, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. ఇంటి దగ్గర మిగిలిన ఆడవాళ్ల చేతిలో ఇంత ఆయుధం ఉందని మనం ఎప్పుడైనా చెప్పామా?

సౌదీలో చేయాల్సిన పని వేరే. జీతం బాకీ మీద సౌదీ కార్మిక శాఖలో ముందు రాజీ ప్రయత్నం జరుగుతుంది, కుదరకపోతే లేబర్ కోర్టు. పని ముగిసిన 12 నెలల్లోపే దావా వేయాలి. ఈ గడువు తెలియకనే చాలామంది బాకీ వదులుకుని వస్తున్నారు. చెప్పాపెట్టకుండా పని వదిలితే కఫీల్ 'హురూబ్', అంటే పారిపోయాడన్న ఫిర్యాదు, పెడతాడు, ఆ తర్వాత మనిషి ఖల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి. కాబట్టి కాలు బయటపెట్టకముందే భారత రాయబార కార్యాలయానికి తెలియజేయాలి. ప్రభుత్వ 'మదద్' పోర్టల్‌లో ఇంటివాళ్లూ ఫిర్యాదు చేయవచ్చు. 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి చేతిలో పైసా లేనివాళ్లకు న్యాయ సహాయం, తిరుగు టికెట్ ఇచ్చే వీలుంది.

సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురు ఒక కేసులో దుబాయ్ జైలులో 18 ఏళ్లు గడిపి 2024 ప్రాంతంలో ఇల్లు చేరారు. వాళ్లు వెళ్లేనాటికి పాలు తాగుతున్న పిల్లలు పెళ్లీడుకొచ్చారు. పరాయి దేశంలో కేసు అంటే ఎన్నేళ్ల బతుకో ఆ ఇళ్లకు తెలుసు.

'ఊకెనే వచ్చే లాయరు సరిగ్గా వాదిస్తడా?' అనే అనుమానం కోర్టు మెట్ల మీద రోజూ వినిపిస్తుంది. అది పూర్తిగా తప్పనను. సంస్థ జాబితాలోని ప్యానెల్ లాయర్లకు ఇచ్చే ఫీజు తక్కువ, కొందరు వాయిదాలకు రారు. అలాంటప్పుడు సంస్థ కార్యదర్శికి చెప్పి లాయరును మార్చమని అడగవచ్చు. ఆ కార్యదర్శి కూడా న్యాయాధికారే. ప్యానెల్ లాయరు కక్షిదారుడి దగ్గర ఒక్క రూపాయి తీసుకున్నా తప్పే. ఇక లోక్ అదాలత్‌లో రాజీపడేటప్పుడు మాత్రం జాగ్రత్త. కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, నిజమే. కానీ ఆ అవార్డు మీద అప్పీలు లేదు. ఏజెంటు సగం డబ్బు బల్ల మీద పెట్టగానే సంతకం చేయకండి. ఆ కాగితం పూర్తిగా చదివించుకోండి.

మధ్యాహ్నానికి ఆమె చేతికి అర్జీ తీసుకున్నట్టు రసీదు వచ్చింది. బయట గట్టు మీద కూర్చుని భర్తకు ఇమోలో వాయిస్ పెట్టింది. కాంట్రాక్టు కాయితం ఉంటే ఫొటో తీసి పంపమని, ఎవరి మీదా కోపంతో గేటు దాటి పోవద్దని. లేచి నాలుగడుగులు వేసి, మళ్లీ ఆ గదిలోకే వెళ్లింది.

"బిడ్డా, మా బావ కొడుకు వచ్చే నెల పోతడట. గీ పేరు జర చూడు."

వాలంటీరు ఫోనులో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటు తెరిచి లైసెన్సున్న ఏజెంట్ల జాబితా వెతికింది. కింది దాకా పోయి, మళ్లీ పైకొచ్చింది. ఆ పేరు లేదు. ఆ పిల్లగాడు ఇంకా పైసలు కట్టలేదు.