ఎత్తిపోతల, అనుపు: ఒక దినము

పల్నాటిలో ఎత్తిపోతలకు బోయినవారు చాలమంది జలపాతమును జూచి, ఫలాహారము చేసి మరలిపోవుదురు. సుమారు డెబ్బది అడుగుల యెత్తునుండి చంద్రవంక దుముకు నందము చూడదగినదే. కాని చేరువనే యున్న అనుపును చూడకుండుట గుడికి బోయి ప్రాకారము చుట్టి వచ్చినట్లుండును. అందుచే మేము ఇంటిల్లిపాదియు పులిహోర పొట్లములతో తెల్లవారగనే బయలుదేరి, జలపాతమును జూచి, ఎండ ముదురకమునుపే అనుపు చేరితిమి.

అచ్చటి రంగస్థలమును జూచి పిల్లలు మెట్లపై పరుగులెత్తిరి. నడుమ చదునైన నేల, నాలుగు ప్రక్కల మెట్ల వరుసలు. ఇది రోమకుల క్రీడారంగములను బోలినదని పండితులు చెప్పుదురు. రోమునగరపు కొలోసియము అండాకారము. ఇదియో, నాలుగు మూలలది. పరదేశపు వస్తువును మనవారు మన కొలతకు దిద్దుకొనిరనియే మాకు దోచినది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురికి రోమకుల సొమ్ము చేరినదనుటకు త్రవ్వకములలో దొరికిన బంగారు నాణెములే సాక్ష్యము. ఒకటి టైబీరియసు చక్రవర్తిది. మరియొకటి ఆంటోనైనసు పయసు పత్నియగు ఫౌస్టీనాది. ఎక్కడి రోము, ఎక్కడి కృష్ణ! ఒక రాణి ముఖము అంత దూరము వచ్చినది.

ఈ రంగస్థలము మొదట నిచ్చట కట్టినది కాదు. 1926లో బయల్పడిన ఆ లోయ సాగరు జలాశయమున మునుగనున్నందున, 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిపి, కొన్ని కట్టడములను తరలించియు, కొన్నిటికి నమూనాలు కట్టియు అనుపునను, కొండపైనను నిలిపిరి. ఆ లోయలోని పల్లెలవారి యిండ్లను అట్లు పేర్చినవారు లేరు.

మధ్యాహ్నము లాంచీలో, ఇప్పుడు దీవియైన నాగార్జునకొండకు బోయితిమి. మహాచైత్యపు పునాది బండిచక్రమువలె నుండును. వీరపురుషదత్తుని యారవ రాజ్యవత్సరమున దానిని పూర్తిచేయించినది ఆ రాజు మేనత్త చాంతిసిరి. మరియొక మేనత్త హమ్మసిరి కూతుండ్రను ఆ రాజు పెండ్లాడెను. మేనరికములు నేటివి కావు! ఆ రాజులు యజ్ఞములు చేసిన కులమువారు. బౌద్ధులకు దానములిచ్చినవారిలో పెక్కురు ఆ యింటి స్త్రీలే.

రాచయింటివారు మాత్రమే కాదు. బోధిసిరి యను ఉపాసిక, గృహస్థు బిడ్డ, సింహళ భిక్షువులకొరకు చైత్యగృహము కట్టించి, ఆ పుణ్యములో పుట్టినింటివారికిని, అత్తింటివారికిని పాలు పంచి శాసనము వ్రాయించినది. ఈ మాట చెప్పగా మా అత్తగారు శ్రద్ధగా విని, "అయితే ఆడుబిడ్డ పేరును చెక్కించినదా?" యని యడిగిరి. అంతలో లాంచీ కూత వినవచ్చెను. పిల్లలను వెదకుకొనుచు రేవునకు దిగితిమి.